మూడో ఇన్నింగ్స్ దాకా

జుఫేర్‌ల మా లాండ్రీ రాత్రంతా తెరిచే ఉంటది.
నేవీ పోరగాండ్ల తెల్లబట్టలు
మూటలు మూటలుగ వస్తయి, ఉప్పు వాసనతోని.
రెండు దాటినంక గోడ మీది టీవీల
వాళ్ళ దేశపు ఆట మొదలైతది.
అక్కడ పొద్దుగూకుతుంటది,
ఇక్కడ మా ఇస్త్రీపెట్టె ఆవిరి కక్కుతుంటది.

మొదట్ల చిర్రగోనె అనుకున్న నేను.
ఒకడు విసురుతడు, ఒకడు కొడతడు,
కొట్టినోడు కట్టె పారేసి ఉరుకుతడు.
పీరుసాబుది రాయచోటి. ఆయనే తేల్చిండు:
"ముగ్గురు ఔటయితే సగం, ఇంగో ముగ్గురయితే ఒగటి.
అట్లాటివి తొమ్మిదంట.
మనకు అన్ని యాడ దొరుకుతాయబ్బా?"

దొరకవు. మూడుంబావుకు క్యాంపు బస్సు.
డ్రైవరు హారన్ రెండుసార్లే కొడతడు.
అందుకే మా పందెం మొదటి మూడింటి మీదనే.
మొదటి దాంట్ల పరుగొస్తదా, రాదా
వంద ఫిల్సు.
మూడు ఒడిసేసరికి ముందున్నదెవరు
రెండు వందలు, లేకుంటే
అంచుకు రబ్బరున్న దుప్పట్లు మడతపెట్టే పని.
ఆ దుప్పట్లు ఒక్కసారి మడతపెట్టినోడు
రెండు వందలే నయమంటడు.

పీరుసాబు విసిరేటోని చెయ్యి చూస్తడు.
"ప్యాంటుకు తుడుసుకుంటాండాడు సూడు,
బంతి ఇంగా మాట ఇనడంల్యా. పరుగొస్తాది."
నేను చొక్కా చూస్త.
భుజం మీద ఇస్త్రీ మడత నిలిచే ఉంటే
వాడింక వేడెక్కలేదని నా లెక్క.
నాలుగు నెలల్ల ఆయన లెక్కే ఎక్కువసార్లు నిజమైంది.
గంజిడబ్బా అడుగున మార్కర్ గీతలు:
నేను బాకీ నాలుగు దినార్ల ఆరువందలు.

ఎవరు గెలిచిన్రో మాకెన్నడు తెల్వదు.
ఫోన్ల చూస్తే తెలుస్తది. చూడలె.
ఒకనాడు మూట కోసమొచ్చిన పోరడు,
మెడ మీద లంగరు పచ్చబొట్టున్నోడు,
రాత్రి ఆట ముచ్చట ఎత్తబోతే
పొంగొచ్చిన పాల మీద నీళ్ళు చిలకరించినట్టు
"నో సార్, నో సార్" అని చేతులడ్డం పెట్టిండు పీరుసాబు.

మే నెలల ఒక రాత్రి దుమ్ము లేచింది.
వీధి లైట్లు పసుపు ముద్దలైనయి.
మూడుంబావు దాటింది, మూడున్నర దాటింది,
హారన్ లేదు.
టీవీల నాలుగోది నడుస్తున్నది.
ఎవరింట్లనో చెప్పులతోని
లోపలి అర్రల దాకా పోయినట్టున్నది మాకు.
విసిరేటోడు మారిండు.
కొత్తోడు వచ్చుడే చెమటల తడిసి వచ్చిండు,
చొక్కా మీద ఒక్క మడత లేదు.
"పందెమేస్తవా?" అన్న.
పీరుసాబు చానాసేపు చూసిండు.
"ఏమని ఏసేది? ఈండ్లను నేనెరగను."
ఆరో దాంట్ల లేసి ప్లగ్గు పీకిండు.

ఎవనిదో దుప్పటి పరుచుకొని
కౌంటర్ కింద పండుకున్నం ఇద్దరం.
అద్దాల మీద ఇసుక గీరుతున్న చప్పుడు.
అప్పుడు చెప్పిండు:
కఫీలు వీసా కొత్తది చెయ్యనన్నడంట,
పదో తారీకు టికెట్టంట.
నేను పర్సు తీయబోతే
"ఉండనీలే" అన్నడు అటు తిరిగి,
"డబ్బా మాత్రం కడగాకు."

కడగలె.
ఇప్పుడు నా పక్కన ధన్‌బహదూర్ ఉంటడు.
ఆట చూడడు, చెవిల పాటలు పెట్టుకొని
కాలర్లు రుద్దుతుంటడు.
ఇద్దరి పందెం నేనొక్కణ్నే కడుత.
విసిరేటోడు చెయ్యి తుడుచుకున్నడంటే
చొక్కా ఎట్లున్నా గీత ఆయనకే పడుతది.
బాకీ ఏడు దినార్లు దాటింది.

ఇయ్యాల కూడ హారన్ కొట్టిండు.
రెండో బేసు మీద ఒకడున్నడు,
ఒక కాలు బయటికి పెట్టి,
ఉరుకుదమా వద్దా అన్నట్టు.